మందు డబ్బా పక్కన పెట్టిన రైతు

ఉత్తర కాలిఫోర్నియాలో హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ కౌంటీలను కలిపి ‘ఎమరాల్డ్ ట్రయాంగిల్’ అంటారు. 2016లో జరిగిన ఓటింగ్‌తో ఆ రాష్ట్రంలో పెద్దల వాడకానికి గంజాయి చట్టబద్ధమైంది. అక్కడి కొండవాలుల్లో లైసెన్సున్న రైతులు దాన్ని ఆరుబయట, ఎండకే పండిస్తారు. మన దగ్గర 1985 నాటి చట్టం కింద ఈ సాగు జైలుకు పంపే నేరం. నా ఆసక్తి ఆ రైతు పనితనం వరకే.

ఇది రాత్రులు పొడవయ్యాకే పూతకొచ్చే మొక్క. గుత్తులు ముదిరి కోతకొచ్చేది సెప్టెంబరు చివర, అక్టోబరులో. పసిఫిక్ మీది నుంచి పొగమంచు, తొలివానలు దిగేదీ అప్పుడే. చెట్టు మీద పత్తి తడుస్తుంటే చూస్తూ నిలబడ్డ మన రైతుకు ఈ దిగులు ఒకరు విడమరిచి చెప్పాలా?

పురుగు కూడా మనకు తెలిసిన వంశంలోదే. కందిని, పత్తిని తినే మన శనగపచ్చ పురుగుకు అమెరికాలో దగ్గరి చుట్టం ఒకటుంది. మొక్కజొన్న కంకిని తొలిచే ఆ పురుగు గంజాయి గుత్తినీ వదలదు. తల్లి పురుగు రాత్రిపూట గుడ్లు విడివిడిగా పెట్టి పోతుంది. పిల్లపురుగు గుత్తిలోకి తొలుచుకుపోతుంది. అది తినేది కొంచెమే, అసలు నష్టం ఆ తర్వాత. కొరికిన గాయం మీద, తడి పెంట మీద బొట్రైటిస్ అనే బూజు పట్టి, గుత్తిని లోపలి నుంచి కుళ్లబెడుతుంది. ద్రాక్ష గుత్తుల్ని పాడుచేసేదీ ఈ బూజే. గుత్తి ఎంత బిగువుగా ఉంటే లోపల తేమ అంత నిలుస్తుంది. సంతలో ధర పలికేది మాత్రం ఆ బిగువు గుత్తికే! వానకు తట్టుకున్న మొక్కల నుంచి విత్తనం దాచుకుని, కాస్త వదులు గుత్తి రకాలతో సరిపెట్టుకునే రైతు తెలివైనవాడని నా అభిప్రాయం.

ఈ పనిలో నన్ను కట్టిపడేసేది వాళ్ల చూపు. పచ్చటి గుత్తిలో ఒకే ఒక్క చిన్న ఆకు వాడి గోధుమరంగుకు తిరిగితే చాలు, చేయి తిరిగిన రైతు అక్కడ ఆగుతాడు. ఆకును మెల్లగా లాగుతాడు. పట్టు లేకుండా ఊడొచ్చిందంటే కాడ దగ్గర కుళ్లు మొదలైనట్టే. గుత్తిని విదిలిస్తే బూజు పొడి పక్క మొక్కల మీద పడుతుంది కాబట్టి ముందు సంచి తొడుగుతాడు. కుళ్లు కనిపించిన చోటుకు బాగా కింద, ఆరోగ్యంగా ఉన్న కాడ దగ్గర కోస్తాడు. కత్తెరను ఆల్కహాల్‌తో తుడిచాకే మరో గుత్తిని ముట్టుకుంటాడు. కోతల రోజుల్లో ఇది రోజూ, మొక్క మొక్కకూ జరగాల్సిన పని.

మందు కొట్టేస్తే పోదా అంటే, ఇది కాల్చి పీల్చే సరుకు. మనవాళ్లు మిరపలో, ద్రాక్షలో బూడిద తెగులుకు కొట్టే మైక్లోబుటానిల్‌ను బాగా వేడిచేస్తే హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. అందుకే మందు చల్లే పనంతా గుత్తులు ముదరకముందే ముగించాలి. పురుగు చిన్నదిగా ఉండి, ఇంకా లోపలికి దూరకముందే బీటీ అనే బ్యాక్టీరియా ద్రావణం చల్లాలి. ఎండకు దాని బలం తగ్గుతుంది కనుక సాయంత్రమే చల్లాలి. నల్లికి మరో నల్లినే వదులుతారు, ఎర్రనల్లిని వేటాడి తినే జాతి అది. మిగతాదంతా గాలి కోసం పడే పాటు. కింది కొమ్మలు తీసేయడం, నడుమ ఆకులు పలచన చేయడం, మొక్కకు మొక్కకు ఎడం ఉంచడం, నీళ్లు ఆకులు తడపకుండా డ్రిప్‌తో వేరుకే ఇవ్వడం, తెల్లవారగానే కొమ్మలు కదిపి మంచు రాల్చడం.

కొందరు వానతో పోటీయే పెట్టుకోరు. వేసవిలో రోజూ వేళ తప్పకుండా మొక్కల మీద నల్ల టార్పాలిన్ కప్పి, పన్నెండు గంటల రాత్రిని తామే తెస్తారు. రాత్రి పొడవైందనుకుని మొక్క ముందే పూస్తుంది, వానలకు ముందే పంట ఇంటికొస్తుంది. ఒళ్లు హూనమయ్యే పనే, కానీ ఈ వ్యవహారం మొత్తంలో ఇంతకు మించిన ఉపాయం నాకు కనిపించలేదు.

కోశాక కూడా నిశ్చింత లేదు. ఎక్కువ తడి ఉంటే బూజు, గబగబా ఆరబెడితే వాసన పోతుంది. చల్లటి చీకటి గదిలో కొమ్మల్ని వేలాడదీసి రోజుల తరబడి నిదానంగా ఆరబెడతారు. ఆ తర్వాత సరుకు ల్యాబుకు వెళుతుంది. అక్కడ 66 పురుగుమందుల అవశేషాలు వెతుకుతారు. ఆస్పర్‌జిల్లస్ బూజులో నాలుగు జాతులకు విడిగా పరీక్ష ఉంటుంది. ఒక్క గ్రాములో వాటిలో ఏ ఒక్కటి కనబడినా, పీల్చే సరుకుగా ఆ లాటు అమ్మకానికి పనికిరాదు.