పావులూరి గణితమందలి మహాసంఖ్య

మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును దెనిఁగించిన పావులూరి మల్లన పేర చదరంగపు గళ్ల లెక్కను జెప్పు చంపకమాల యొకటి ప్రసిద్ధము. మొదటి గడిలో నొక గింజయు, ఆపైఁ బ్రతిగడియందును ముందటిదానికి రెట్టింపును ఉంచినచో, 64 గళ్లకు మొత్తము 18446744073709551615 గింజలగును. ఈ 20 అంకెలను కవి ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు భూతసంఖ్యలతోఁ జెప్పినాఁడు. దీనిని ధారణకును ఛందోనైపుణ్యమునకును నిదర్శనముగ మెచ్చుట పరిపాటి. కాని పద్యముయొక్క పాఠమునకు గణితమే సాక్షియగుట యంతకంటె విశేషము.

మూలము రాష్ట్రకూట చక్రవర్తి యమోఘవర్షుని కాలమున, సుమారు 850లో, వెలసిన జైనకృతి. ఆ రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యుల సీమలో, నేఁటి కరీంనగరము జిల్లా కురిక్యాల చెంతనున్న బొమ్మలగుట్టపై, పంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు సుమారు 945లోఁ దెలుఁగు కందములను జెక్కించెను. అచ్చటి పాఠమును రాయి కాపాడినది. తాటాకులపై నడచివచ్చిన మల్లన పద్యమునకు అంకెల ధర్మమే కాపుదల.

ఎట్లన: ఇందు అబ్ధి, పయోనిధి యను పదములు కలవు. సముద్రములు నాలుగా, యేడా? అంకెల మొత్తము 87. తొమ్మిదిచే భాగింప శేషము 6. రెండుయొక్క 64వ ఘాతమునకు అట్టి శేషము 7. ఒకటి తీసివేయఁగా 6. సముద్రములను ఏడుగాఁ గొన్నచో మొత్తము 93, శేషము 3 అగును. కావున నాలుగే గ్రాహ్యము. భూధరశబ్దమును భూ, ధర యని విఱిచి రెండొకట్లుగాఁ జదివినచో అంకెలు 21 అగును. కావున పర్వతార్థముననే, ఏడుగాఁ గొనవలయును.

రంధ్రశబ్దమును శూన్యమని భ్రమించినచో తొమ్మిది పోయి సున్న వచ్చును; తొమ్మిది శేషము మాఱదు గనుక తప్పు దాఁగును. అప్పుడు పదునొకండు పరీక్ష కావలయును. బేసి స్థానముల మొత్తము 62, సరి స్థానముల మొత్తము 25, భేదము 37, పదునొకండుచే శేషము 4. రెండుయొక్క ఘాతమునుండి లెక్కించినను 4 వచ్చును. భ్రమపాఠమున 6 వచ్చును.

పద్యమున లోపమును లేకపోలేదు. ఇది ఫలమును జెప్పునే కాని త్రోవను జూపదు. పింగళుని ఛందస్సూత్రములందున్న వర్గక్రమమున రెండును వరుసగ నాఱుమాఱులు వర్గించిన 64వ ఘాతము వచ్చును. అందొకటి తీసివేయుటయే శేషించును. ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను నేడు ప్రధానసంఖ్యల లబ్ధము. ఇందు 641 అను దానిని 1732లో ఐలరు కనుఁగొనెను.

పద్యమును గంఠస్థము చేయించుటతో బోధ ముగియరాదు. వల్లించిన విద్యార్థిచేతనే యీ పరీక్షలను జేయించినపుడు మల్లన కవియు, గణకుఁడును ఒక్కఁడే యని తెలియును.