చీమ జవాబు

తెలుగు పిల్లల కథలన్నిట్లోనూ మహా ధైర్యవంతులు ఎవరని అడిగితే తడుముకోకుండా ఏడు చేపల కథలోని చీమ పేరు చెబుతాను. బాలనాగమ్మ కొడుకు ఏడు సముద్రాల అవతలికి వెళ్ళి మాయల ఫకీరు ప్రాణమున్న చిలకను పట్టి తెచ్చాడు, కాదనను. ఆ కథ విని దుప్పటి ముసుగేసుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. అయితే రాజకుమారుడికి గుర్రం ఉంటుంది, కత్తి ఉంటుంది, దారిలో అన్నం పెట్టి ఉపాయం చెప్పే పేదరాశి పెద్దమ్మ ఉంటుంది. చీమకు ఏముంది? ఒక పుట్ట, ఒక నోరు.

కథ అందరికీ వచ్చు గనక గబగబా చెప్పేస్తాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదంటే చేప గడ్డిమేటు మీద చెప్పింది. గడ్డిమేటు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్ల మీద, పిల్ల చీమ మీద. కొన్ని ఊళ్ళలో పాలేరు బదులు గొల్లపిల్లవాడు, అవ్వ బదులు అమ్మ వస్తారు. ఇందులో ఒక్కరూ అబద్ధమాడలేదు, అదీ తమాషా. అందరూ నిజమే చెప్పారు, నిజం చెబుతూనే తప్పుకున్నారు. మన ఆఫీసుల్లో ఫైలు నడిచే పద్ధతి సరిగ్గా ఇదే. చీమ ఒక్కతే తప్పుకోలేదు. కుట్టావా అంటే కుట్టానని ఒప్పుకుంది. పైగా తన బంగారు పుట్టలో వేలు పెడితే ఊరుకోవాలా అని రాజుగారి కొడుకునే ఎదురడిగింది. కథ అక్కడితో సరి. చీమను దండించారా, మెచ్చుకున్నారా, ఆ చేప చివరికి ఎండిందా? ఎవరూ చెప్పరు.

పనితనం చూడండి. గడ్డిమేటు, ఆవు, పాలేరు, ముసలమ్మ, పిల్ల, చీమ. మెట్టు మెట్టుకీ ఆకారం తగ్గుతూ వస్తుంది. అట్టడుగు మెట్టు మీద, అన్నిటికంటే చిన్న ప్రాణి నోట, అన్నిటికంటే గట్టి మాట పెట్టారు. ఏ పండితుడూ కూర్చుని వేసిన లెక్క కాదిది. అక్షరం రాని అమ్మమ్మల నోళ్ళలో నలిగి నలిగి ఇలా కుదిరింది. చెప్పడంలోనూ అంతే. మంచి కథకురాలు మొదటి రెండు ప్రశ్నలూ నింపాదిగా, సాగదీసి అడుగుతుంది. మూడో ప్రశ్నకి వేగం పెంచుతుంది. అప్పటికి ఊ కొట్టే పిల్ల వరస పట్టేసి, జవాబులు తనే చెప్పడం మొదలెడుతుంది. చీమ దగ్గరికి వచ్చేసరికి అమ్మమ్మ ఠక్కున ఆగిపోతుంది. ఆ చివరి మాట పిల్ల నోటి నుంచే రావాలి. వస్తుంది కూడా, మెడ నిక్కించి, ఇల్లంతా వినబడేలా. పుట్టినప్పటి నుంచీ చీమల చేత కుట్టించుకున్న పిల్ల, ఆ క్షణంలో చీమ పక్షాన మాట్లాడుతుంది. పాపాయి పక్షం నుంచి చీమ పక్షానికి ఇంత నున్నగా మార్చేయడం అచ్చులో నేను చూసిన కథకుల్లో నలుగురికైనా చేతనవునో కాదో.

నేను రోజువారీ ధైర్యం అంటున్నది ఇదే. పులిని చంపడం, దొంగల ముఠాను పట్టించడం ఏ వెయ్యిమందిలోనో ఒకరికి ఎదురయ్యే అవకాశం. పలక పగలగొట్టింది నేనేనని ఒప్పుకోవడం, మాస్టారు తప్పు లెక్క వేస్తే చెయ్యెత్తడం, అందరూ వెక్కిరించే పిల్లవాడి పక్కన కూర్చుని డబ్బా విప్పడం ప్రతి పిల్లకీ వారానికి నాలుగుసార్లు ఎదురవుతాయి. వీటికి కావలసిన గుండె చిన్నదేం కాదు. మన పాత కథలకు ఆ సంగతి తెలుసు.

ఆవు, పులి కథ తీసుకోండి. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో రాశాడు గనక అది మనకు కావ్యంగానూ ఉంది, ఇంట్లో చెప్పుకునే కథగానూ ఉంది. కన్నడిగులకు ఇదే కథ పుణ్యకోటి పాటగా కంఠతా వచ్చు. పులికి చిక్కిన ఆవు బిడ్డకు పాలిచ్చి వస్తానని మాటిచ్చి వెళుతుంది, తిరిగి వస్తుంది. అంతే కథ. చెప్పేవాళ్ళ గొప్పతనమంతా దూడ దగ్గర బయటపడుతుంది. పులి దగ్గర జరిగే వాదం రెండు ముక్కల్లో తేల్చి, దూడ దగ్గర మాత్రం తీరుబడిగా కూర్చుంటారు. పాలు తాగుతున్నంతసేపూ దానికి బుద్ధులు చెప్పించి, మిగతా ఆవులకు అప్పగింతలు పెట్టించి, వినే పిల్ల 'వెళ్ళొద్దు' అని ఏడ్చేదాకా తెచ్చి, అప్పుడు ఆవును లేపి నడిపిస్తారు. ఆ నడకే కథ. కన్నడ పాటలో పులి పశ్చాత్తాపంతో కొండ మీంచి దూకి చస్తుంది. మన ఇళ్ళలో పులి ఊరికే వదిలేసి పోతుంది. నా ఓటు మన పులికే. ఆవు మాట నిలబెట్టుకున్నందుకు ఇంకొకరు చావాలా ఏమిటి?

ఈ నోటి విద్య అచ్చులోకి ఎలా వచ్చిందో టూకీగా చెబుతాను. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, 'బాల' పత్రిక పెట్టారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి 'చందమామ' తెచ్చారు. తక్కిన చరిత్ర రాసిపెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకు కావలసింది 1952లో ఆ ఆఫీసులోకి వెళ్ళి, 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రిక భాషను కాపలా కాసిన మనిషి. కొడవటిగంటి కుటుంబరావు.

బయటినుంచి వచ్చిన కథలను ఆయన దాదాపుగా తిరగరాసేవారని అంటారు. ఎవరు రాసినా చందమామ కథ ఒక్క చేతి రాతలా చదివించేది అందుకేనట. ఆ చెయ్యి ఏం చేసేదో ఒక ఉదాహరణతో చూపిస్తాను, వాక్యాలు మాత్రం నావి. చేతకాని రచయిత ఇలా రాస్తాడు: 'అసమాన ధైర్యసాహసాలు గల రామయ్య ఏ మాత్రం భయపడక తలుపు తెరిచాడు.' కుటుంబరావు బడిలో చదువుకున్నవాడు ఇలా రాస్తాడు: 'రామయ్యకు చెమటలు పోశాయి. తలుపు తీశాడు.' మొదటి వాక్యంలో ధైర్యం అనే మాట ఉంది, ధైర్యం లేదు. భయపడనివాడికి ధైర్యంతో పనేముంది? రెండో దాంట్లో భయం చెమటగా కనబడుతుంది, ధైర్యం చేసిన పనిలో కనబడుతుంది, విశేషణం జోలికి ఎవరూ పోలేదు. 'చదువు' నవలలో సుందరం పసితనాన్ని అంత నిక్కచ్చిగా రాసిన మనిషికి, పిల్లల భయం ఎంత నిజమో ఒకరు చెప్పాలా?

ఆ కథల్లో నాయకులు ఎవరు? కూలి డబ్బులు అడగడానికి కామందు గడప తొక్కిన పాలేరు, అత్తవారింట్లో నోరు విప్పిన కొత్తకోడలు, పాడుపడ్డ ఇంట్లో రాత్రి పడుకోవలసి వచ్చిన బాటసారి. దయ్యాల కథలు మరీ ముచ్చటైనవి. చందమామ దయ్యాన్ని మంత్రంతో కొట్టక్కర్లేదు, పలకరిస్తే చాలు, కూర్చుని తన గోడు చెప్పుకుంటుంది. చీకట్లో ఉన్నదానితో మాట కలపడమనే విద్యను ఎన్ని లక్షల మంది పిల్లలకు నేర్పాయో ఆ దయ్యాలు! దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళ భక్తులు ఇక్కడ నాతో దెబ్బలాటకు వస్తారు. 'తోకచుక్క', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్ళకు ఎదురు చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను, వాటికి చిత్రా గీసిన బొమ్మలకు దణ్ణం పెడతాను. అయినా నెలనెలా మాంత్రికుణ్ణి ఓడించే వీరుడికంటే పొరుగువాడికి అప్పు తీర్చలేనని ముఖం మీద చెప్పగలిగిన చిన్న కథలోని రైతే నాకు పెద్దవాడు.

ఇక బేతాళ కథల సంగతి. మూలంలో ఉన్నవి పాతికే. అవి అయిపోయాక కూడా చందమామ అదే చట్రంలో దశాబ్దాల పాటు కొత్త కథలు కూర్చింది. ఇది మామూలు ఘనకార్యం కాదు. ప్రతి నెలా ఒక ధర్మసందేహం పుట్టించాలి, చదివే పిల్ల ఒక జవాబు అనుకోవాలి, రాజు ఇంకో జవాబు చెప్పాలి, రాజుదే సరైనదని పిల్ల ఒప్పుకోవాలి. శంకర్ గీసిన బొమ్మ తెలుగువాళ్ళ కళ్ళలో అచ్చుపడిపోయింది: భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. ఆ కత్తి బేతాళుడి దగ్గర దేనికీ పనికిరాదని ఎంతమంది గమనించారో! తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడుతుంది, మోసుకొచ్చిన శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. నిజం చెప్పిన ప్రతిసారీ రాజు ఆ రాత్రి కష్టమంతా పోగొట్టుకుని, విసుక్కోకుండా వెనక్కి నడుస్తాడు. ఒక్క ముక్క ఉపదేశం లేకుండా ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు? శంకర్, అంటే కె.సి. శివశంకరన్, 2020లో పోయారు. ఆ బొమ్మ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

పరాయి దేశాల నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకాల్లోనూ ఈ పనితనం ఉన్నవాటినే మనవాళ్ళు గుండెకు హత్తుకున్నారు. సోవియట్ రచయిత గైదార్ 1939లో రాసిన చుక్, గెక్ అన్నదమ్ముల కథలో ఇద్దరు పిల్లలు కొట్లాటలో నాన్న పంపిన టెలిగ్రాం పోగొట్టి, అమ్మ అడిగితేనే చెబుదామని ఒప్పందం చేసుకుంటారు. ఆ పిరికితనాన్ని గైదార్ ఎంత ప్రేమగా రాశాడో! దాన్ని చదివిన ఏ పిల్లా తన్ను తిట్టారనుకోదు.

అన్నిటికంటే పైన 'రైలుబడి' ఉంది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో అచ్చు వేసిన తన చిన్నప్పటి బడి కథ. మన టీచర్లు అందులో ఆ బడి నడిపిన కొబయాషి మాస్టారి గురించి చెప్పుకుంటారు, న్యాయమే. నేను మాత్రం ప్రతివాళ్ళనూ చెట్టెక్కే అధ్యాయం చదవమంటాను. పోలియో వచ్చిన యసువాకిని తన చెట్టు మీదికి ఆహ్వానిస్తుంది తొత్తోచాన్, అంటే చిన్నప్పటి తెత్సుకో. నిచ్చెన ఈడ్చుకొస్తుంది. వాడి కాళ్ళకూ చేతులకూ బలం చాలదు. ఆ నిచ్చెన లాభం లేదని ఇంకో రకం నిచ్చెన వెతికి తెస్తుంది. కింద నుంచి నెడుతుంది, పైనుంచి లాగుతుంది, ఎండలో ఇద్దరికీ చెమటలు కారతాయి. పేజీలన్నీ నిచ్చెనకూ, బరువుకూ, చెమటకే ఖర్చు పెట్టింది రచయిత్రి. పైకి చేరాక ఆ పిల్లలు చేసే పని కబుర్లు చెప్పుకోవడం, అంతే. ఇందులో ధైర్యం ఎవరిది? లాగిన పిల్లదా, పడతానని తెలిసీ చెయ్యి అందించిన పిల్లవాడిదా? ఆ ప్రశ్న మనకు వదిలేసింది మహాతల్లి.

ఇంతటి విద్య చేతిలో పెట్టుకుని మనం ఇప్పుడు పిల్లలకు ఏమిస్తున్నాం? పుస్తకాల షాపులో నూటొక్క నీతికథలని ఒక బొత్తి ఉంటుంది. రాసినవాడి పేరు ఉండదు, బొమ్మలు ఎక్కడివో తెలియదు, అచ్చుతప్పులకు లెక్క లేదు. ప్రతి కథ కిందా నల్లగీతల పెట్టెలో నీతి. ధైర్యే సాహసే లక్ష్మి, పిరికితనం పనికిరాదు, పెద్దల మాట వినవలెను. చదివే పిల్ల కథ వదిలేసి పెట్టె చూసుకుంటుంది, పరీక్షలో అదే అడుగుతారు గనక. కథ విని నీతి చెబితే అయిదు మార్కులు! చీమ పక్షమో పాపాయి పక్షమో తేల్చుకోవడానికి పిల్ల పడే ఆ తియ్యటి యాతనకు ఎన్ని మార్కులు?

ఫోన్లలో వచ్చే బొమ్మల కథలు ఇంకా ఘోరం. ఒకదాంట్లో చీమ పాపకు సారీ చెప్పింది. రాజకుమారులూ ఆవూ చీమా కలిసి డాన్సు చేశారు. తరతరాల అమ్మమ్మలు నిలబెట్టిన వెన్నెముకను ఒక్క సారీతో విరిచేశారు! చూస్తూ అన్నం తింటున్న బుడతడికి, నీ పుట్టలో వేలు పెట్టినవాడికి నువ్వే క్షమాపణ చెప్పాలని నేర్పుతున్నాం. ఇంకో రకం సరుకులో పదేళ్ళ పిల్లవాడు టెర్రరిస్టులను పట్టిస్తాడు. ఆ పిల్లవాడికి క్లాసులో బాత్‌రూమ్‌కు వెళతానని టీచర్ని అడిగే ధైర్యం ఉందో లేదో రాసినవాడికి పట్టదు. 2012, 2013 నాటికి చందమామ ఆగిపోయింది. ఒక పత్రిక పోతే ఇంకోటి వస్తుందనుకోవచ్చు. ఆ వాక్యం రాసే చెయ్యి పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?

పూర్తిగా చీకటి అనను. అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పత్రికలో పిల్లలే రాసిన కథలు చదివాను. వాటిల్లో భయం భయంలాగే ఉంటుంది, పెద్దవాళ్ళు దిద్దిన వాసన తక్కువ. పాత సోవియట్ పుస్తకాలను వెతికి మళ్ళీ అచ్చు వేసినవాళ్ళు ఉన్నారు. పాత చందమామలను పేజీ పేజీ స్కాన్ చేసి పంచిపెట్టిన అభిమానులున్నారు. వీళ్ళు చేసినదాంట్లో పదోవంతు మన ప్రభుత్వాలూ, పెద్ద ప్రచురణ సంస్థలూ చేసి ఉంటే ఈ వ్యాసం ఇంత వేడిగా రాయవలసిన అవసరం ఉండేది కాదు.

కాబట్టి ప్రచురణకర్తలకు నా మనవి. ఆ నల్లగీతల పెట్టె తీసేయండి. కథ తిరగరాసినవారి పేరు, బొమ్మ వేసినవారి పేరు అట్ట మీద వెయ్యండి, వాళ్ళకు డబ్బులివ్వండి. కుటుంబరావు చందమామ కథలను మంచి కాగితం మీద, పిల్లలు చదవగలిగే పెద్ద అక్షరాల్లో, స్కూలు లైబ్రరీలు కొనగలిగే ధరకు తీసుకురండి. టీచర్లకు ఇంకో మనవి: కథ అయ్యాక 'ఇందులో నీతి ఏమిటి' అని అడక్కండి. 'నువ్వైతే ఏం చేసేవాడివి' అని అడగండి, జవాబు రాకపోతే వదిలేయండి.