వత్తు ఊడిన నివాళి

ఫ్లెక్సీలంటే ఈ కాలమిస్టుకు ఒళ్ళుమంట అని పాత పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. పుట్టినరోజు ఫ్లెక్సీల మీద ఒకసారి, స్వాగత తోరణాల మీద రెండుసార్లు ఇప్పటికే కడుపారా తిట్టి ఉన్నాడు. ఈ వారం మళ్ళీ అదే పాట ఎత్తుకోవలసి వచ్చింది.

రాయ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్ల వెనకున్న మైదానం గోడకి ఒక ఫ్లెక్సీ కట్టారు. కాలనీ పిల్లలకీ, కాలేజీ కుర్రాళ్ళకీ ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ నేర్పిన సార్ పోయారు. పైన హిందీలో 'భావభీనీ శ్రద్ధాంజలి' అని ముత్యాల్లాంటి అక్షరాలు. కింద తెలుగులో 'అశ్రునివాళి' అనబోయారు. పడింది మాత్రం 'అశ్', ఆ పక్కన జానెడు దూరంలో దిక్కులేని 'రు'. శ కింద ఒదిగి కూర్చోవలసిన వత్తు అలిగి బయటికొచ్చి నిలబడింది. చుట్టూ ఏడుగురు నాయకులు చేతులు జోడించి నవ్వుతున్నారు. మధ్యలో సార్ ఫోటో. ఏ గుర్తింపు కార్డు మీది బొమ్మనో లాగి పెద్దది చేసినట్టున్నారు, ముఖం అంతా గళ్ళు గళ్ళు.

ఇక్కడి తెలుగు కుటుంబాల సంగతి తెలియనివారికి ఒక మాట. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. పట్టాలెంబడే శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఉద్యోగాలకొచ్చారు. మూడు తరాలు గడిచాయి. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయరు. ఫ్లెక్సీ కొట్టేవాడికి అదీ రాదు. వాడి కంప్యూటర్లోని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి హిందీ అలవాటే. తెలుగు అతికిస్తే మాత్రం ఒత్తులన్నీ ఊడదీసి పక్కన పారేస్తుంది.

కాలమిస్టు ఇంటికొచ్చి కోపంగా పెన్ను తీశాడు. కోచ్ పోతే చెయ్యవలసింది ఇదా? ఆయన నేర్పిన ఆట ఆడాలి. అదే నివాళి. పక్కన నాయకుల ముఖాలెందుకు? ఈ వాదనకి సాక్ష్యంగా ఎవర్ని నిలబెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. ఒకప్పటి భారత ఫుట్‌బాల్ కోచ్ హైదరాబాద్ రహీం సాబ్ ఉన్నారు.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఈ ఇంట్లో చిన్నప్పటి నుంచీ వినపడేది. కాలమిస్టు తండ్రి రైల్వేలో ఫిట్టరు. ఆదివారం తలంటు పోసుకుని, అన్నం తిని, నడుం వాల్చాక చెప్పే కథలు రెండే. ఒకటి బొబ్బిలి యుద్ధం, రెండోది జకార్తా. 1962 ఆసియా క్రీడల్లో మనవాళ్ళు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచిన ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. నాన్న కథలో ఆ కుట్లు ఏటేటా పెరిగేవి. ఆరుతో మొదలై, ఆయన రిటైరయ్యే నాటికి పదహారయ్యాయి.

వెనక నిలబెట్టడానికి పనికిరాని ఆ మనిషిని రహీం సాబ్ సెమీఫైనల్లో ముందుకి పంపారు. తలకి కట్టుతో సెంటర్ ఫార్వర్డ్‌గా! దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియా. సెనయన్ స్టేడియంలో లక్షమంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వలేదని మన క్రీడా అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనానికి భారత్ పేరెత్తితే మంట. మనవాళ్ళు బంతి ముట్టుకుంటే చాలు, ఈలలు, కేకలు. ఆ గోలలో పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టాడు, కట్టు కట్టుకున్న జర్నైల్ రెండోది కొట్టాడు. 2-1. జ్వరంతో కొన్ని ఆటలకి దూరమైన పీటర్ తంగరాజ్‌ని రహీం సాబ్ ఫైనల్ రోజున గోల్ ముందు నిలబెట్టారు. ఇక్కడికొచ్చేసరికి నాన్న లేచి కూర్చునేవాడు.

అప్పటికే ఆ కోచ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. అప్పటికి యాభై మూడేళ్ళు.

ఆయన పుట్టుకతో బడిపంతులు. ఉస్మానియాలో చదివి, అక్కడి జట్టుకి ఆడి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని పట్టుకున్నాక 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్ళ ఇంట్లోనే ఉంది. దేశానికి 1951లో ఢిల్లీలో ఆసియా స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాం ఉన్నాడు. రోజూ ప్రాక్టీసుకి అంత దూరం వచ్చే స్తోమతు లేదంటే, సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చేవారని బలరాం ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు.

అసలు పనితనం మాత్రం కప్పుల్లో లేదు, ఆయన పిల్లలకి పెట్టిన పోటీల్లో ఉంది. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిందా, ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. అనుమానం ఉన్నవాళ్ళు సాయంత్రం పిల్లలతో ఆడి చూడండి. బంతి వచ్చాక ఎవరికివ్వాలా అని తలెత్తితే ఆలస్యమైపోతుంది. అది రాకముందే ఎవడెక్కడున్నాడో చూసుకుని ఉండాలి. నలుగుర్ని తప్పించి చప్పట్లు కొట్టించుకునే కుర్రాడికి ఆ మైదానంలో నోరు కట్టేసినట్టే. ఇంకో పోటీలో చేతగాని కాలితోనే తన్నాలి. కుడికాలి వీరులంతా ఎడమకాలితో తన్నబోయి గాలిని తన్నేవారు. ఎడమ చేత్తో అక్షరాలు దిద్దించినట్టు ఉండేది. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది మరి!

అమెరికాలోనూ ఇలాంటి ఒక మనిషి ఉండేవాడు. అలబామా విశ్వవిద్యాలయం కోచ్ బేర్ బ్రయంట్. వాళ్ళ ఫుట్‌బాల్‌లో కాళ్ళకంటే చేతులకే పని ఎక్కువ, ఆ సంగతి వదిలేద్దాం. 1982 డిసెంబరు 29న ఆఖరి ఆట ఆడించి తప్పుకున్నాడు. నెల తిరక్కుండా జనవరి 26న పోయాడు. టస్కలూసా నుంచి బర్మింగ్‌హామ్ శ్మశానం దాకా తొంభై కిలోమీటర్ల దారి, పొడవునా జనం. లారీలు ఆపి డ్రైవర్లు దిగి నిలబడ్డారు. వంతెనల మీద పిల్లల్ని భుజాలకెక్కించుకుని నిలబడ్డారు. టస్కలూసాలో బ్రయంట్ పేరిట స్టేడియం ఉంది, మ్యూజియం ఉంది, కంచు విగ్రహం ఉంది. మన పిల్లలు అక్కడ చదువుకోవడానికి వెళ్ళి, ఆ విగ్రహం పక్కన ఫోటో దిగి వాట్సాప్‌లో పెడతారు. అందులో రహీం సాబ్ పేరు విన్నవాళ్ళు ఎందరో అడగబుద్ధి కాదు.

విగ్రహాలు వాళ్ళకి, ఆట మనకి అని ఇక్కడ ఒక బడాయి వాక్యం రాద్దామని కాలమిస్టు సిద్ధమయ్యాడు. రాయబోతే లెక్క కుదరలేదు.

మైదానమే నివాళి అయితే, ఆ మైదానంలో ఏం మిగిలింది? రహీం సాబ్ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ కొన్నాళ్ళు నిలదొక్కుకుని, మెల్లగా చిక్కిపోయింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం వచ్చింది. ఆ కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం మళ్ళీ మన కంటపడలేదు. రహీం తనతోపాటు భారత ఫుట్‌బాల్‌ని సమాధిలోకి తీసుకుపోయాడని జకార్తా జట్టులోని ఫార్చునాటో ఫ్రాంకో అన్నమాట ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ప్రేమతో అన్నమాటే. అయినా కోచ్‌కి అంతకంటే పెద్ద ఓటమి ఉంటుందా? చేతగాని కాలి పోటీలు ఆయనతోనే ఆగిపోయాయి. ఆట ఆయన్ని గుర్తుపెట్టుకోలేదు. గుర్తుపెట్టుకున్నవి మనుషుల నోళ్ళు. ఆ నోళ్ళు కూడా వరసగా మూతపడ్డాయి. 2020 మార్చిలో పి.కె. బెనర్జీ, ఏప్రిల్‌లో అదే జట్టులోని చునీ గోస్వామి, 2021 మేలో ఫ్రాంకో, ఆగస్టులో రహీం కొడుకు హకీం, 2023 ఫిబ్రవరిలో బలరాం. వీళ్ళంతా పోయాక, 2024 ఏప్రిల్‌లో రహీం కథతో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చింది. రహీం సాబ్ పోయి అప్పటికి 60 ఏళ్ళు దాటింది. ఆ సినిమా చూసే కాలనీ పిల్లలకి ఆ పేరు తెలిసింది. నాన్న ఆదివారం కథలు ఈ ఇంటి గడప దాటలేదు మరి.

తిట్టడానికి తీసిన పెన్ను అలా పక్కకి పోయింది. మర్నాడు సాయంత్రం కాలమిస్టు మైదానానికి వెళ్ళాడు. ఫ్లెక్సీ ముందు ఎనిమిదేళ్ళ పిల్ల ఒకత్తి నిలబడి, బంతి పట్టుకున్న అన్నని అడుగుతోంది, మధ్యలో ఉన్నాయన ఎవరని. మిగతా ఏడుగురి గురించి అడగలేదు. వాళ్ళు ఊరంతా కనిపించేవాళ్ళే.

కుర్రాళ్ళని పిలిచి అక్షరం తప్పు చూపిస్తే సిగ్గుపడ్డారు. "మాకు తెలుగు చదవడం రాదు కదా అంకుల్, వాడు కొట్టిందే కట్టేశాం" అన్నారు. నాయకుల బొమ్మలు తీసేయొచ్చుగా అంటే, ఒకడు నేల చూపులు చూస్తూ అసలు సంగతి చెప్పాడు. డబ్బులిచ్చింది వాళ్ళే. బొమ్మ లేకపోతే డబ్బు లేదు. సార్ బతికుండగా బంతులకీ వలకీ కూడా ఇలాగే వాళ్ళ గుమ్మాల చుట్టూ తిరిగేవారట, ప్రతి టోర్నమెంటుకీ వాళ్ళ చేత కొబ్బరికాయ కొట్టించేవారట. ఆయన పద్ధతే వీళ్ళకీ వచ్చింది. కాలమిస్టు ఇంక మాట్లాడలేదు.

అందరూ కలిసి ఫ్లెక్సీ దుకాణానికి వెళ్ళారు. మందు సులువే. ఫోన్‌లో తెలుగు టైపు చేసి, స్క్రీన్‌షాట్ తీసి, అక్షరాలుగా కాకుండా బొమ్మగా పంపితే ఏ కంప్యూటరూ వత్తు ఊడదియ్యలేదు. సార్ విజిల్ ఊదుతున్న ఫోటో ఒకటి ఎవరి ఫోన్లోనో దొరికింది. కొంచెం వణికింది గానీ ముఖం తెలుస్తోంది. నాయకుల్ని అడుక్కి దించి, తపాలా బిళ్ళల సైజు చేశారు. ఖర్చులో సగం కాలమిస్టు పెట్టుకున్నాడు. ఫ్లెక్సీకి డబ్బు పెట్టడం జన్మలో ఇదే మొదలు. పాఠకులు నవ్వుకోవచ్చు.

దుకాణం కుర్రాడు స్క్రీన్ మీద చూపించాడు. 'అశ్రునివాళి' కుదురుగా కూర్చుంది. పోయిన తేదీ వేశాడు. పుట్టిన తేదీ ఏం వెయ్యాలని అడిగాడు. ఆరుగురు కుర్రాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు బయటికి వెళ్ళి సార్ ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మగారు పెట్టె తీసి సర్టిఫికెట్టు వెతుకుతున్నారట. అందాకా ఆ గడి ఖాళీగా ఉంచమన్నారు.