తెర కట్టేదెవరు

సినిమా తీసిన ఆడవాళ్ళ పేర్లు చెప్పమంటే మనవాళ్ళు తడుముకోరు. భానుమతి 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసింది. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీస్తూ సంగీతం పి. లీలకు అప్పగించింది, మిగతా ముఖ్యమైన పనులూ ఆడవాళ్ళ చేతే చేయించింది. విజయనిర్మల 44 సినిమాలతో 2002లో గిన్నిస్ బుక్కుకెక్కింది. సరే, వాటిని ఏ హాల్లో, ఎన్నాళ్ళు, ఎవరికి చూపించాలో తేల్చింది ఎవరు? అక్కడ ఆడపేరు వెతుక్కోవాల్సిందే.

తమిళనాడులోని మా సేత్తూరులో అప్పుడప్పుడూ నలుగురు ఆడవాళ్ళను పోగేసి సినిమా చూపించే పని పెట్టుకున్నాక ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాది. రాజపాళయం చుట్టుపక్కల నూలు మిల్లులకు వ్యానెక్కి వెళ్ళేవాళ్ళే నా ప్రేక్షకుల్లో ఎక్కువ. వాళ్ళ కోసం సినిమా వెతకడం మొదలుపెట్టాకే తెలిసింది, ఆడవాళ్ళు తీసిన సినిమాలు తక్కువేమీ కాదు, మన దాకా వచ్చే దారే తక్కువని.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో కేథలిన్ కాలిన్స్ అనే నల్లజాతి రచయిత్రి 1982లో ‘లూజింగ్ గ్రౌండ్’ తీసింది. తత్వశాస్త్రం చెప్పే ఒక ప్రొఫెసరమ్మ, బొమ్మలు వేసే ఆమె భర్త కథ. హాళ్ళలో సరిగ్గా విడుదలే కాలేదు. 1988లో ఆమె చనిపోయింది. న్యూయార్క్ జనం ఆ సినిమాను ఆదరంగా చూసింది 2015లో, అదీ ఆమె కూతురు పూనుకొని ప్రింటును బాగు చేయించాక. బ్రూక్లిన్‌లో 1997 నుంచి ‘రీల్ సిస్టర్స్’ పేరుతో తెల్లవాళ్ళు కాని స్త్రీల సినిమాలకు ఏటా పండగ జరుగుతోందంటే, వెనక ఇలాంటి కథలున్నాయి. బహుమతులిచ్చి దండలేసే పండగలంటే నాకు పెద్ద గౌరవం లేదు. డబ్బాలోంచి సినిమాను బయటికి తీసి వెలుగు చూపించే పండగలంటే ఉంది.

కాలిన్స్ సినిమా తీసిన ఆ రోజుల్లోనే, 1983లో, హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళతో కలిసి యుగాంతర్ అనే స్త్రీవాద సినిమా బృందం ‘ఇది కథ మాత్రమేనా’ తీసింది. దర్శకత్వం దీపా ధన్‌రాజ్. కాపురంలో నలిగిపోతున్న ఒక అమ్మాయి, ఆమెకు ఊపిరాడే చోటైన ఒక స్నేహం. తెలుగు సినిమా! అయినా తెలుగువాళ్ళలో చూసినవాళ్ళెందరు? ఆ బృందం అప్పట్లో 16 ఎం.ఎం. ప్రొజెక్టరు మోసుకెళ్ళి బస్తీల్లోనూ ఊళ్ళల్లోనూ వేసింది, వేశాక కూర్చుని మాట్లాడించింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ రీళ్ళ ఊసే లేదు. చివరికి వాటిని శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించింది బెర్లిన్‌లోని ఆర్సెనాల్ సంస్థ. మన ఇంటి సామాను పొరుగూరి అటక మీద దొరికినట్టయింది.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్ ఆడవాళ్ళు మాత్రం ఎవరి అటకనూ నమ్ముకోలేదు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత రైతు మహిళలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే అది ‘పటేల్ షాటు’, ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా పెడితే ‘సంఘం షాటు’ అని పేర్లు పెట్టుకున్నారు. ఫిల్మ్ స్కూల్లో ఏడాది చెప్పే పాఠం అందులోనే ఉంది. నన్ను ఇంకా పట్టేసింది మరొకటి. చూపించే పనిని కూడా వాళ్ళు తమ చేతిలోనే ఉంచుకున్నారు. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాల ఎడ్లబళ్ళు ఊరూరా తిరుగుతాయి, బళ్ళ వెంట వాళ్ళు తీసిన సినిమాలూ వెళ్తాయి.

వరంగల్ పత్తి రైతుల మీద 2003లో వాళ్ళు తీసిన సినిమా మా వాకిట్లో వేశాను. కడుపు రగిలిన రైతులు జన్యువులు మార్చిన బి.టి. పత్తి విత్తనం గురించి చెబుతుంటే మిల్లులో దారం తెగితే అతికే చేతులన్నీ నిశ్చలమైపోయాయి. రోజూ చేతుల్లో తిరిగే దూది ఎవరి చేనులోంచి వస్తుందో అంతవరకూ ఎవరూ మాట్లాడుకోలేదు. “క్వింటాలుకు ఎంత పడిందంటా?” అని ఒకావిడ అడిగింది. ఆపేశాను. సినిమా కన్నా ఆ మాటలే ఎక్కువసేపు సాగాయి. సినిమా వేసేటప్పుడు ఆపాల్సిన చోటు కనిపెట్టడమే అసలు పనితనమని నా నమ్మకం. ఇంకో రెండు కిటుకులున్నాయి. అరగంట దాటితే రాత్రి షిఫ్టు వ్యాను హారను మోగుతుంది, కాబట్టి పొట్టి సినిమాలే ఎంచుకోవాలి. కుర్చీలు వేయకూడదు, వేస్తే మగవాళ్ళు ముందొచ్చి కూర్చుంటారు.

ఈసారి కర్ణాటకలోని నిప్పాణి పొగాకు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు సంఘం కట్టుకున్న కథ వేద్దామనుకుంటున్నాను. అదీ యుగాంతర్ వాళ్ళదే, 1982 నాటిది. మా వాళ్ళకు రాని భాష. పక్కన నిలబడి నేనే తెలుగులో చెబుతానంటే మా వదిన ఒప్పుకోలేదు. “నువ్వు చెబితే పాఠంలా ఉంటుంది. పద్నాలుగేళ్ళు షిఫ్టు చేసినదాన్ని, నేను చెబుతా” అంది. రాసిపెట్టుకున్న కాగితాలు ఆమెకే ఇచ్చేశాను. అందులో సగం అప్పుడే కొట్టేసింది.