పాత మరలో కొత్త దీపం

డిసెంబరు మూడో వారంలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో పొద్దు ఎనిమిదింటికి గాని పొడవదు, సాయంత్రం ఐదింటికే కుంకుతుంది. డెట్రాయిట్ పక్కనున్న ఈ ఊళ్ళో చలికాలమంతా వంటింటి దీపాలకు విశ్రాంతి ఉండదు. పాత ఇళ్ళల్లో సీలింగులోకి దిగేసిన క్యాన్ లైట్లు ఎక్కువ. ఒక్కో డబ్బాలో 65 వాట్ల ఫ్లడ్ బల్బు, అలాంటివి వంటింట్లో ఆరుంటే స్విచ్చు వేయగానే 390 వాట్లు. ఆ బల్బు ఇచ్చే 650 ల్యూమెన్ల వెలుగునే ఇప్పటి ఎల్ఈడీ 9 వాట్లతో ఇస్తుంది, ఆరింటికీ కలిపి 54. రోజుకు సగటున నాలుగు గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు 490 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 18 సెంట్లనుకుంటే 88 డాలర్లు.

ఇంత తేడా ఎక్కడినుంచి వచ్చిందో బల్బు విప్పి చూస్తేనే తెలుస్తుంది.

ముందు, మారని భాగం. అడుగున ఉన్న మర చుట్లు గల లోహపు మూతను ఈ-26 అంటారు. ఈ అంటే ఎడిసన్, 26 అంటే మిల్లీమీటర్లలో దాని వ్యాసం. ఇక్కడికి దగ్గర్లోని డియర్‌బర్న్‌లో హెన్రీ ఫోర్డ్ ఎడిసన్ మెన్లో పార్క్ ప్రయోగశాలను తిరిగి నిలబెట్టాడు. బల్బుకు యాభై ఏళ్ళు నిండిన 1929 అక్టోబరు 21న ఎడిసన్ స్వయంగా అక్కడ, అధ్యక్షుడు హూవర్ సమక్షంలో, ఆ దీపం వెలిగించే ఘట్టాన్ని మళ్ళీ చేసి చూపాడు. ఆ కాలపు బల్బులో వెలుగంటే వేడెక్కిన తీగ. తర్వాత వచ్చిన టంగ్‌స్టన్ తీగ కూడా రెండున్నర వేల డిగ్రీలకు కాగితేగాని తెల్లగా వెలగదు, ఖర్చయిన కరెంటులో పదో వంతు కూడా కంటికి కనిపించే వెలుగు కాదు.

ఎల్ఈడీలో కాగే తీగ లేదు. ఆవగింజకన్నా చిన్న చిప్పులో, కొద్ది నానోమీటర్ల మందమున్న ఇండియం గాలియం నైట్రైడ్ పొరలో, ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి వాటి ఖాళీలు వచ్చి కలుస్తాయి. కలిసినప్పుడు విడుదలయ్యే శక్తి నీలి కాంతిగా బయటపడుతుంది. నిక్ హోలోనియాక్ 1962లోనే కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీ చేశాడు. నీలానికి మాత్రం మూడు దశాబ్దాలు పట్టింది. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని పెంచడానికి దొరికిన ఆధారం సఫైర్ పలక, కానీ రెండింటి పరమాణువుల అమరికలో దాదాపు 16 శాతం తేడా. పైపొర పగిలిపోయేది. ఇసాము అకసాకి, హిరోషి అమానో మధ్యలో అల్యూమినియం నైట్రైడ్ పలుచని పొర వేసి, 1986లో నున్నని స్ఫటికం తీశారు. ఇంకో చిక్కు మెగ్నీషియంతో వచ్చింది. ఖాళీలు పుట్టించడానికి కలిపిన ఆ లోహాన్ని హైడ్రోజన్ పట్టుకుని పనిచేయనిచ్చేది కాదు. షూజీ నకమురా నైట్రోజన్‌లో వేడిచేసి ఆ హైడ్రోజన్‌ను తరిమేశాడు. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. ఇంటి దీపంలో ఇంత ఓపిక దాగి ఉందని తెలిశాక దాన్ని మామూలు వస్తువుగా చూడలేం.

నీలం ఒక్కటే ఇంటికి పనికిరాదు. అందుకే చిప్పు మీద పసుపు పూసినట్టు ఒక పొడి కనిపిస్తుంది. అది సీరియం కలిపిన ఇట్రియం అల్యూమినియం గార్నెట్. నీలంలో కొంత భాగాన్ని మింగి పసుపుగా వదులుతుంది, మిగిలిన నీలంతో కలిసి కంటికి తెలుపవుతుంది. ఎరుపు వెలువరించే మరో పొడి చేరిస్తే ఆ తెలుపు వెచ్చబడుతుంది. పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉంటే పాత బల్బు రంగు, 5000 ఉంటే పట్టపగటి రంగు. వంటింటికి, కూరల రంగు తెలియాలి కాబట్టి, రంగు నాణ్యత సూచిక 90 దాటినవి కొనాలన్నది నా గట్టి అభిప్రాయం.

అసలు కష్టం వేడితో. పాత బల్బు తన వేడిని గాజులోంచి పరారుణ కిరణాలుగా చిమ్మి వదిలించుకునేది. ఎల్ఈడీ చిప్పు వేడి తక్కువే, కానీ అది వెనకనుంచే పోవాలి. పోకపోతే వెలుగూ తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. అందుకని చిప్పుల్ని అల్యూమినియం పలక మీద అతికిస్తారు, పలకను అల్యూమినియం గిన్నెకు తాకిస్తారు, గిన్నె చుట్టూ ప్లాస్టిక్ తొడుగు. తీగలా కనిపించే ఫిలమెంట్ ఎల్ఈడీల్లో గిన్నెకు చోటు లేదు. వాటి గాజు బుడ్డిలో హీలియం నింపుతారు, గాలికన్నా అది వేడిని ఎన్నో రెట్లు చురుగ్గా మోస్తుంది. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఈ ఉపాయమే.

మరలోపల డ్రైవరు ఉంటుంది. గోడలోంచి వచ్చేది సెకనుకు 120 సార్లు దిశ మారే 120 వోల్టులు. నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిశకు తిప్పుతాయి, కెపాసిటర్ ఎత్తుపల్లాలు సర్దుతుంది, చిన్న ఐసీ, తీగచుట్ట కలిసి కరెంటు స్థిరంగా ఉంచుతాయి. వోల్టేజి కాస్త పెరిగితే ఎల్ఈడీలో కరెంటు చాలా పెరిగిపోతుంది, అందుకే ఈ కాపలా. కెపాసిటర్‌లో పొదుపు చేసిన చౌక బల్బు మినుకుమంటుంది, ఫోను కెమెరా పెట్టి చూస్తే తెర మీద చారలు పాకుతాయి. చాలా బల్బులు పోయేది కూడా చిప్పు పాడై కాదు, ఆ కెపాసిటర్ వేడికి ఎండిపోయి. మూసిన గ్లోబులో పెట్టేవాళ్ళు అందుకు తగిందని పెట్టె మీద రాసి ఉన్నదే తీసుకోవాలి.

ఇండియాలో మనవాళ్ళు వాడే రెండు పిన్నుల బల్బుకు ఈ హోల్డరు పట్టదు, వోల్టేజీ వేరు. పని మాత్రం ఒకటే. 2015 జనవరి 5న అక్కడి ప్రభుత్వం మొదలుపెట్టిన ఉజాలా పథకంలో ఎల్ఈడీ బల్బులు కోట్లకొద్దీ కొనడం వల్ల, 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016కల్లా 38కి దిగింది. అమెరికాలో 2023 ఆగస్టు 1 నుంచి వాటుకు 45 ల్యూమెన్లు ఇవ్వని సాధారణ బల్బులు అమ్మకూడదు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేది 13 మాత్రమే.

మిషిగన్ చలి ఎల్ఈడీకి మేలే. గరాజ్‌లో పాత సీఎఫ్ఎల్ జనవరిలో మసకగా మొదలై నిమిషాలకు గాని తేరుకునేది కాదు, ఇది వేసిన క్షణమే నిండుగా వెలుగుతుంది. క్యాన్ లైట్లకు బల్బు బదులు ట్రిమ్‌తో, అంటే చుట్టూ కనిపించే అంచుతో, సహా వచ్చే కిట్ ఇంకా మేలు. ఒక చిన్న వైరు చివర అదే ఈ-26 మర ఉంటుంది, దాన్ని పాత హోల్డరులో బిగించి ప్లగ్గు కలపాలి. రెండు స్ప్రింగు చేతుల్ని వేళ్ళతో దగ్గరికి నొక్కి డబ్బాలోని కొక్కేల్లోకి ఎక్కిస్తే, అవి విచ్చుకుంటూ ట్రిమ్‌ను తామే పైకి లాక్కుంటాయి. అంచు వెనకున్న స్పాంజి పట్టీ సీలింగుకు అతుక్కుంటుంది. పాత డబ్బా కన్నాల్లోంచి ఇంటి వెచ్చదనం అటకలోకి జారిపోయే దారి దాంతో చాలావరకు మూసుకుంటుంది.

చివరికి, వెలుగు తగ్గించి పెంచే డిమ్మరు. 600 వాట్ల కోసం చేసిన పాతదానికి 54 వాట్ల బరువు ఆనక దీపాలు వణుకుతాయి. ఎల్ఈడీల కోసం చేసినది వేసి, పై పలక తీస్తే చాలావాటిలో పక్కన చిన్న చక్రమో, మీటో ఉంటుంది. డిమ్మరును అట్టడుగుకు దించి, ఆరు దీపాలూ వణకకుండా వెలిగే దాకా దాన్ని మెల్లగా తిప్పి అక్కడ ఆపాలి.