ఊరికే అరవని యంత్రం

ఇంట్లో మెటల్ డిటెక్టర్ కట్టుకోవాలనుకునేవారు సాధారణంగా అది ఎంత లోతున ఉన్న లోహాన్ని పసిగడుతుందన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు గాని, ఆ పనిలో చేతులు కాల్చుకున్నవారి లెక్క వేరుగా ఉంటుంది. లోహం ఎదురైనప్పుడు యంత్రాన్ని పలికించడం ఒక పూట పని అయితే, ఏమీ లేనప్పుడు దాన్ని నోరు మెదపకుండా ఉంచడం నెలల తరబడి సాగే పని.

సొంతంగా కట్టేవారిలో చాలామంది ఎంచుకునే పల్స్ ఇండక్షన్ పద్ధతిలో, కాయిల్‌లోకి, అంటే గుండ్రంగా చుట్టిన రాగితీగలోకి, సెకనుకు కొన్ని వందలసార్లు క్షణకాలంపాటు కరెంటు పంపి ఒక్కసారిగా తెంచేస్తారు. అలా తెంచగానే కాయిల్ చుట్టూ ఏర్పడిన అయస్కాంత క్షేత్రం కుప్పకూలి, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ఆ తీగ కొసల మధ్య కొన్ని వందల వోల్టుల పోటు లేస్తుంది. దగ్గరలో లోహం ఉంటే దానిలో సుడి ప్రవాహాలు, అంటే లోహం లోపలే వలయాలుగా తిరిగే కరెంటు, పుట్టి ఆ పోటు పూర్తిగా అణగడాన్ని కాస్త ఆలస్యం చేస్తాయి. కరెంటు తెగిన 10 నుంచి 20 మైక్రోసెకన్ల తరువాత, అంటే సెకనులో లక్షవ వంతుకు కాస్త అటూఇటూగా, మిగిలి ఉన్న వోల్టేజీని సర్క్యూట్ కొలిచి, అది మామూలు కన్నా ఎక్కువగా ఉంటే శబ్దం చేస్తుంది.

మోటార్ రివైండింగ్ దుకాణాల్లో దొరికే ఇనామిల్ పూత తీగను 20 సెంటీమీటర్ల వ్యాసంతో 26 చుట్లు చుడితే దాని ఇండక్టెన్స్ సుమారు 300 మైక్రోహెన్రీలు ఉంటుంది, ఒకటి రెండు చుట్లు తేడా వచ్చినా కొంప మునగదు. పేచీ అంతా కాయిల్‌కు సమాంతరంగా కలిపే డ్యాంపింగ్ రెసిస్టర్‌తో, అంటే లేచిన పోటును అదుపు చేసే నిరోధకంతో వస్తుంది. దాని విలువ ఎక్కువైతే వోల్టేజీ అణగకుండా ఊగిసలాడుతుంది, తక్కువైతే మరీ నింపాదిగా దిగుతూ, చిన్న బంగారు ముక్క ఇచ్చే క్షణికమైన సంకేతాన్ని తనలో కలిపేసుకుంటుంది. మల్టీమీటర్‌కు ఈ మైక్రోసెకన్ల వ్యవహారం అందదు కనుక ఆసిలోస్కోప్ ఉన్నవారు తెర మీద గీతను చూసి విలువ తేల్చుకుంటారు. లేనివారు 680 ఓములు, 820 ఓములు, 1 కిలో ఓము వంటివి ఒక్కొక్కటే మార్చి, చిన్న ఉంగరం ఎంత దూరంలో పలుకుతోందో స్కేలు పెట్టి కొలుచుకోవాలి. పెద్ద పానా చూపించి డిటెక్టర్ పనిచేస్తోందని సంబరపడేవారు తమను తామే మభ్యపెట్టుకుంటున్నట్టు లెక్క.

కట్టడం పూర్తయ్యాక యంత్రం ఆగకుండా కూస్తుంటే, చాలామంది సర్క్యూట్‌నే అనుమానించి, బాగున్న సోల్డరింగ్‌ను కూడా ఊడబీకుతారు. పరీక్ష జరుగుతున్న గది నేలలోనూ పైకప్పులోనూ స్లాబ్ చువ్వలుంటాయి, బల్లకు మేకులుంటాయి, గోడలో 50 హెర్ట్జ్ కరెంటు పారే తీగలుంటాయి. యంత్రం చెబుతున్నది నిజమే, వినేవారికే అది అబద్ధంగా తోస్తుంది. అందుచేత కాయిల్‌ను ఆరుబయట, కరెంటు తీగలకు దూరంగా, ఏ వేపకొమ్మకో తాడుతో వేలాడదీసి చూసి, అప్పటికీ గోల తగ్గకపోతేనే బ్యాటరీని, కనెక్టర్‌ను, డ్రై సోల్డర్‌ను, అంటే పైకి అతికినట్టు కనిపిస్తూ లోపల పట్టులేని అతుకును, ఆ వరుసలోనే వెతకడం మేలు. కాయిల్‌కు బయటి రొద తగలకుండా అల్యూమినియం రేకు చుట్టేవారు ఆ రేకు రెండు కొసలూ కలవకుండా సన్నని ఖాళీ వదలకపోతే, అది మూసుకుపోయిన వలయమై, యంత్రం తాను వెతకవలసిన లోహాన్ని తన ఒంటి మీదే మోస్తుంది.

ఈ చిక్కు ఎంతటివారినీ వదల్లేదు. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, శరీరంలో దాగిన తూటాను కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇండక్షన్ బ్యాలెన్స్ అనే పరికరాన్ని తెచ్చాడు. రోగి పరుపు కింద ఉక్కు తీగలున్న సంగతి ఆయనకు తరువాత గాని తెలియలేదు, పైగా డాక్టర్ విల్లార్డ్ బ్లిస్ తూటా కుడివైపే ఉందన్న నమ్మకంతో అటే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ మరణించాక చేసిన శవపరీక్షలో తూటా ఎడమవైపు బయటపడింది. పరికరాన్ని తప్పుపట్టినవారు మంచాన్ని తప్పుపట్టి ఉంటే న్యాయంగా ఉండేది.

తొలకరి వానల తరువాత జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాలకోసం వెతికేవారికి ఈ యంత్రం కొరగాదు, ఎందుకంటే వజ్రం కరెంటును పారనివ్వని కర్బనం. పైగా ఇనుప ఆక్సైడ్లు దండిగా ఉన్న ఎర్రనేల కొన్నిచోట్ల తానే లోహంలా పలుకుతుంది. గుప్తనిధుల ఆశతో కట్టేవారికి రుచించని సంగతి మరొకటి, భూమిలో దాచి ఉన్న పది రూపాయలకు మించిన విలువగల నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం చెబుతోంది.

ఇంటి డిటెక్టర్ నిజంగా అక్కరకొచ్చేది పోగొట్టుకున్న నగకే గాని, అందులోనూ మెలిక ఉంది. సన్నని బంగారు గొలుసులో ప్రతి లింకూ విడి వలయం కావడంతో, సుడి ప్రవాహం ఒకదాని నుంచి మరొకదానికి సాఫీగా సాగక వెంటనే చచ్చిపోతుంది, అదే గొలుసుకున్న పుస్తె బిళ్ల మాత్రం ఒకే రేకు కనుక స్పష్టంగా పలుకుతుంది. నాట్లు వేస్తుండగా మడిలో తాడు జారిపోయిందని ఎవరైనా కబురు చేస్తే, ఏ గట్టు పక్కన అని అడిగినట్టే పుస్తెలు దానికే ఉన్నాయా అనీ అడగాలి. కాయిల్ మీది ఎపాక్సీ పూతలో వెంట్రుకంత పగులున్నా బురదనీరు లోపలికి చేరి యంత్రం మళ్లీ కూయడం మొదలెడుతుంది కనుక, మడిలో దిగే ముందు దాన్ని ప్లాస్టిక్ తొట్టి నీళ్లలో ముంచి, శబ్దం మారడం లేదని చూసుకోవాలి.