డెర్బీ జోడు మర్యాద

పురుషుల పాదరక్షలలో ఆక్స్‌ఫర్డు జోడు సభామర్యాదకు మొదటిదనియు, డెర్బీ దానికి ఒక మెట్టు దిగువదనియు చెప్పి ఊరకుండుట లోకమునకు అలవాటు; ఆ మాట అసత్యము కాదు గాని, అంతటితో విచారణ ముగిసినదని తలచువారికి డెర్బీలలో డెర్బీలకే గల తారతమ్యము ఎన్నటికిని కనబడదు.

ఆక్స్‌ఫర్డులో లేసు రంధ్రములుండు పక్కతోళ్లు ముందుతోలు క్రిందికి చొచ్చి కుట్టబడును గనుక, లేసు బిగింపగనే రెండంచులును ఒకటియై మూసుకొనును. డెర్బీలో ఆ పక్కతోళ్లు ముందుతోలుపై నిలిచి విచ్చుకొనును. పాదము ఎత్తుగా నుండువానికి ఇందువలని సుఖము ఇంతింతనరాదు. 1815లో వాటర్లూ రణరంగమునకు ప్రష్యా సేనలను నడిపించిన బ్లూషరు పేరిట వెలసిన జోడు దీనికి దగ్గరి చుట్టము. అందు పక్కతోలంతయు గాక, లేసు పట్టీలు మాత్రమే పైని కుట్టబడును.

నేను డెర్బీని చేతికి తీసికొన్నపుడు లేసులవంక ముందుగా చూడను. జోడును కంటి మట్టమునకెత్తి, పక్కనుండి అడుగు అంచును పరికింతును. పైతోలును అడుగుతో కూర్చు వెల్టు అను తోలుపట్టీ సన్ననై, పైతోలునకు ఒదిగి, పాదపు నడుమున దాదాపు అదృశ్యమగుచున్నచో, ఆ జోడు సూటు క్రింద నిస్సంకోచముగా నిలువగలదు. ఏలయన, తన కట్టుబడిని ఎంతగా దాచుకొనునో జోడు అంత సభ్యమని నా నిశ్చితాభిప్రాయము. ఆ పట్టీయే వెడల్పై మడమ చుట్టును తిరిగి, దారపు కుట్టు దూరమునకే కనబడుచు, అడుగు రెండు పొరలై బలిసియున్నచో, ఎంత నల్లని పాలిషు పెట్టినను అది పల్లెబాటల జోడే. ఇంగ్లండున 1829లో స్థాపితమైన ట్రికర్స్ వారి బోర్టను దీనికి ఉత్తమోదాహరణము: ముక్కుపై రెండు వైపులకు సాగిన అదనపు తోలు, దాని అంచుల వెంబడి చిల్లుల వరుసలు, దృఢమైన అడుగు. బురదలో నడచుటకు అంతకంటె నమ్మదగినది అరుదు. దానిని రాత్రి విందునకు తొడుగుట దానికే అన్యాయము.

రంగు, తోలుల మర్యాదాక్రమము అందరెరిగినదే: నలుపు, పిదప ముదురు గోధుమ, ఆపై స్వేడు అను నూగుతోలు.

నార్తాంప్టనున జోళ్లు కుట్టు ఎడ్వర్డ్ గ్రీన్ వారి డోవరు అను డెర్బీ మాత్రము నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. దాని ముక్కున నిలువుగా సాగు కుట్టు తోలు మందమును పూర్తిగా దాటక, లోలోపలనే వంగి అంచున వెలువడును. సూదికి మారుగా పందివెంట్రుకతో దారము నడుపు ఆ హస్తకౌశలము నార్తాంప్టను పనివారి పరమసంపద. అయినను ఆ కుట్టు చూపులను తనవంకకు పిలుచుచున్నది గనుక, కుట్టులేని సాదా ముక్కుతో, రెండు మూడు జతల రంధ్రములతో నున్న నల్లని డెర్బీకే సభలో పైపీట వేయుదును. డోవరును గోధుమరంగులో, ఉన్ని కోటుతో చూచుటయే నాకు ప్రీతి.

వానకాలమున రబ్బరు అడుగు తప్పదనువారు హార్బరో రబ్బరు కంపెనీ వారి డైనైటు అడుగును కోరుకొనవలెను. దాని పట్టుబొడిపెలు అంచు దాటి రావు గనుక పక్కనుండి చూచినపుడు తోలు అడుగనియే తోచును. లోతైన గాళ్లుగల కొండనడక అడుగు వేయించినచో, పైని ఎంత సాదా డెర్బీ యున్నను ఆ రూపము నిలువదు.